కప్ప పిండంలో సొంత జీన్లు ఎప్పుడు పని మొదలుపెడతాయి? (సెమినార్ ఉంది, కొంచెం సాయం చేయండి)

చిత్రావతి_22 | అనంతపురం | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. వచ్చే శుక్రవారం నా సెమినార్. నాకు పడిన టాపిక్ కప్ప తొలి పిండాభివృద్ధిలో జన్యు వ్యక్తీకరణ తీరు. కప్ప అంటే మన కుంటల్లో ఉండేది కాదు, ఆఫ్రికా కప్ప జెనోపస్. పుస్తకం చదివాను, నోట్సు రాసుకున్నాను, ఒక్కచోట మాత్రం బండి దిగబడింది.

పిండం సుమారు నాలుగు వేల కణాలయ్యేదాకా దాని సొంత జీన్లు పనిచెయ్యవని ఒక పేజీలో ఉంది. రెండు పేజీలు తిప్పితే, ఎనిమిది కణాల పిండానికే బొమ్మ వేసి, అడుగు భాగమంతా ఊదారంగు పూసి, ఫలానా జీన్ ఇక్కడ వ్యక్తమవుతోంది అని రాశారు. పనిచెయ్యని జీన్ వ్యక్తం ఎట్లా అవుతుంది? ఫ్రెండ్స్‌ని అడిగితే "అట్లే రాసుకో, ఎవరూ అడగరు" అన్నారు. అడుగుతారనే నా టెన్షన్.

ఉగ్గాని_బజ్జీ | అనంతపురం | రాత్రి 9:52

అడిగితే "మంచి ప్రశ్న సార్" అని గ్లాసెడు నీళ్లు తాగు చెల్లీ. మేమంతా అట్లే పాసైనాం.

పాత_చాక్‌పీస్ | కర్నూలు | రాత్రి 10:31

అమ్మా, నీకు ఆ సందేహం వచ్చిందంటేనే పాఠం సగం వచ్చినట్టు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇంతకాలంలో ఈ ప్రశ్న అడిగిన పిల్లలు ఇద్దరో ముగ్గురో.

ఊరికి పోయేవాడికి ఇంట్లో సద్ది కట్టిస్తారు చూడు, కప్ప గుడ్డు సంగతీ అదే. గుడ్డు అండాశయంలో నెలల తరబడి పెరుగుతుంది. ఆ నెలలన్నీ తల్లి జీన్లు పనిచేసి, జీన్ల నకళ్లైన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు, ప్రోటీన్లు, పచ్చసొన అన్నీ అందులో నింపుతాయి. జెనోపస్ గుడ్డు మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది. ఆవగింజంత అనుకో. ఫలదీకరణ జరిగాక మొదటి విభజనకు గంటన్నర పడుతుంది. ఆ తర్వాత అరగంటకో విభజన, అన్ని కణాలూ ఒకే తాళం మీద. డీఎన్‌ఏను రెట్టింపు చేసుకోవడానికే ఆ అరగంట చాలీచాలకుండా ఉంటుంది, ఇక జీన్లు చదివి ఆర్‌ఎన్‌ఏ తీసే తీరిక ఎక్కడిది? అందుకే ఆ పూటకు సద్దిమూట విప్పుకుని తింటుంది.

నీ పుస్తకంలో ఎనిమిది కణాల దశలో ఊదారంగుతో చూపించింది ఆ మూటలోదే. ఆర్‌ఎన్‌ఏ ఉంది, నిజమే. దాన్ని తీసింది మాత్రం పిండం కాదు, తల్లి. "వ్యక్తమవుతోంది" అనే ఒక్క మాటను రెండు సంగతులకూ వాడటం వల్ల వచ్చిన తిరకాసు ఇది.

ఆ మూట ఎంత బరువైనదో చెప్పడానికి ఒక కథ ఉంది. కణకేంద్రకంలో న్యూక్లియోలస్ (రైబోజోములు తయారయ్యే చోటు) అంటూ లేని జెనోపస్ మ్యుటెంట్ ఒకటి 1958లో బయటపడింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ లోపమే అందుకున్న పిండం ఒక్క కొత్త రైబోజోము కూడా తయారు చేసుకోలేదు. అది రెండో రోజే చచ్చిపోవాలని మనం అనుకుంటాం. చావదు! తోకకప్ప అయ్యి ఈదేదాకా వస్తుంది, ఆ తర్వాతే పోతుంది. అన్ని రోజులూ తల్లి ఇచ్చిన రైబోజోములతోనే నెట్టుకొస్తుంది. 1964లో డొనాల్డ్ బ్రౌన్, జాన్ గర్డన్ ఈ సంగతి రుజువు చేశారు. ఆ గర్డన్‌కే 2012లో నోబెల్ వచ్చింది, వేరే పనికి.

పీసీఆర్_పాషా | కర్నూలు | రాత్రి 11:05

సార్ చెప్పింది బాగుంది. నేను డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్‌ని. కోవిడ్ టైములో రోజూ వందల ఆర్‌టీ-పీసీఆర్‌లు చేసిన చేతులు ఇవి. నా డౌట్ ఏమంటే, మెషిన్‌కి ఆర్‌ఎన్‌ఏ ఉందా లేదా, ఎంత ఉంది అనేదే తెలుస్తుంది. అది అమ్మదా, బిడ్డదా అని చెప్పదు కదా. మరి వీళ్లకెట్లా తెలిసింది?

బుగ్గవంక | కడప | ఆదివారం, ఉదయం 7:15

పాషా అన్నా, పాయింటు పట్టుకున్నావు. కొన్నేళ్లు జెనోపస్ ల్యాబులో పనిచేశాను, తెలిసింది చెప్తా.

ఒకటి, విషం పెట్టి చూడటం. ఆల్ఫా-అమానిటిన్ అని, ఒక రకం విషపు పుట్టగొడుగుల నుంచి వచ్చేది. జీన్ నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తీసే ఎంజైమును అడ్డుకుంటుంది. దీన్ని గుడ్డులోకి ఎక్కిస్తే పిండానికి ఏమీ పట్టదు! రెండు, నాలుగు, ఎనిమిది అని హాయిగా విడిపోతూనే ఉంటుంది. కొన్ని వేల కణాలయ్యి, గాస్ట్రులాగా (కణాలు లోపలికి దూరి పొరలు ఏర్పడే దశ) ముడుచుకోవాల్సిన వేళకు మాత్రం కదలకుండా కూర్చుంటుంది. అంటే అంతవరకు సొంత జీన్లతో పనిపడలేదు, ఇప్పుడు పడింది.

ఇంకోటి, గుర్తు వేసిన ముడిసరుకు ఇవ్వడం. రేడియోధార్మిక యూటీపీ (ఆ ముడిసరుకుల్లో ఒకటి) ఎక్కిస్తే, కొత్తగా తయారయ్యే ఆర్‌ఎన్‌ఏలోకి మాత్రమే అది చేరుతుంది, పాత మూటలోదానికి అంటదు. 1982లో న్యూపోర్ట్, కిర్ష్‌నర్ ఇట్లాంటి పద్ధతితోనే పన్నెండు విభజనల తర్వాత ఆర్‌ఎన్‌ఏ తయారీ ఒక్కసారిగా ఎగసిందని చూపించారు. రెండు ఇంటు రెండు ఇంటు రెండు అని పన్నెండు సార్లు వేస్తే 4096. చిత్రావతి పుస్తకంలో నాలుగు వేలు అక్కడిదే. దాన్నే మిడ్‌బ్లాస్టులా ట్రాన్సిషన్ అంటారు. గది వేడిని బట్టి ఆరేడు గంటలకు వస్తుంది.

ఇప్పుడైతే సీక్వెన్సింగ్‌లోనే పట్టేస్తున్నారు. అప్పుడే తీసిన ఆర్‌ఎన్‌ఏలో ఇంట్రాన్లు (మధ్యలో ఉండి, తర్వాత తీసేసే ముక్కలు) ఇంకా కత్తిరించకుండా ఉంటాయి. తండ్రి డీఎన్‌ఏలో మాత్రమే ఉండే తేడా అక్షరం ఆర్‌ఎన్‌ఏలో కనబడినా సరే, అది కచ్చితంగా బిడ్డ తీసిందే. వీర్యకణం తెచ్చే సద్ది నామమాత్రం.

శెనిక్కాయల_రైతు | అనంతపురం జిల్లా | ఆదివారం, ఉదయం 8:50

నేనూ బీఎస్సీ బీజడ్‌సీనే, ఇప్పుడు శెనక్కాయ వేసుకుంటున్నా. మొన్న రాత్రి ఒక పదును వాన పడింది. పొద్దున చేను పక్క కుంటలో చూస్తే నల్లపూసల దండల మాదిరి గోండ్రుకప్ప గుడ్లు బారెడు పొడుగున ఉన్నాయి. రాత్రంతా అరిచి చంపినాయి. వాన లేనప్పుడు మా ఊళ్లో కప్పతల్లిని ఆడిస్తారు, వాన పడితే ఇవి మమ్మల్ని నిద్రపోనీయవు.

వీటిల్లో మీరు చెప్పే రంగు వేసి చూడొచ్చా? పాపకు ఇక్కడే మెటీరియల్ దొరుకుతుంది కదా, ఆఫ్రికా దాకా ఎందుకు?

బుగ్గవంక | కడప | ఆదివారం, ఉదయం 9:30

అన్నా, విభజనలు చూడటానికి అవి బంగారం. చేతి లెన్సుతోనే రెండు, నాలుగు, ఎనిమిది కనబడతాయి. ఈపాటికి దాటిపోయుంటాయిలే, మన వేడికి తొందర ఎక్కువ.

రంగు వేసే పని మాత్రం వాటితో కష్టం. పద్ధతికి ఇన్-సిటు హైబ్రిడైజేషన్ అని పేరు. మనకు కావాల్సిన ఆర్‌ఎన్‌ఏకి జోడీగా అతుక్కునే ఎదురు ఆర్‌ఎన్‌ఏ ముక్కను తయారుచేసి, దానికి డిగాక్సిజెనిన్ అనే గుర్తు తగిలిస్తారు. పిండాన్ని ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరచి, ఆ ముక్కను రాత్రంతా వేడిలో దానితో నానబెడతారు. తర్వాత గుర్తును పట్టుకునే యాంటీబాడీ వేస్తారు. ఆ యాంటీబాడీకి ఒక ఎంజైము కట్టి ఉంటుంది. చివర్లో రంగుమందు పోస్తే ఎంజైము ఉన్నచోటల్లా ఊదారంగు తేలుతుంది. పిండాన్ని ముక్కలు కొయ్యకుండా నిలువునా ఇట్లా చూసే పద్ధతిని జెనోపస్‌లో రిచర్డ్ హార్లండ్ 1991లో కుదిర్చాడు. మూడు నాలుగు రోజుల పని. మూడో రోజు కడగడంలో బద్ధకిస్తే పిండమంతా ఊదాగా మారి కూర్చుంటుంది. నాకు ఎన్నిసార్లు అయిందో లెక్కే లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. గోండ్రుకప్ప గుడ్డు నల్లన, దాని మీద ఊదారంగు ఎక్కడ కనబడుతుంది? అందుకే ల్యాబుల్లో రంగు లేని అల్బినో జెనోపస్‌ని పెంచుతారు, లేకుంటే చివర్లో నలుపును బ్లీచ్ చేస్తారు.

ఉగ్గాని_బజ్జీ | అనంతపురం | ఆదివారం, ఉదయం 9:41

నల్లచీర మీద వంకాయ రంగు జరీ అన్నమాట.

నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 11:00

"రెడీమేడ్ సెమినార్ పీపీటీ 200 రూపాయలు" అని పెట్టిన పోస్టు తీసేశాం. ఇక్కడ అమ్మకాలు వద్దు.

చిత్రావతి_22 | అనంతపురం | ఆదివారం, మధ్యాహ్నం 3:20

సార్, బుగ్గవంక అన్నా, చాలా థ్యాంక్స్. మొదటి డౌట్ తీరింది. రైతు అన్నా, ఆ దండలు చూడటానికి నేను వస్తా.

కొత్త తలనొప్పి ఒకటి మొదలైంది. నెట్‌లో ఒక డేటా టేబుల్ దొరికింది. అందులో కొన్ని జీన్ల ఆర్‌ఎన్‌ఏ రెండు మూడు గంటలకే పైకి పోయింది. సొంత తయారీ ఆరు గంటల దాకా లేకుంటే సద్దిమూట తగ్గాలి గానీ పెరగడమేంటి?

పీసీఆర్_పాషా | కర్నూలు | ఆదివారం, సాయంత్రం 6:12

చెల్లెమ్మా, ఆ టేబుల్‌కి ఆర్‌ఎన్‌ఏని ఎట్లా పట్టుకున్నారో రాసుంటుంది చూడు. ఓలిగో-డీటీ అని ఉందా? మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చివర వరసగా ఉండే ఏ-ల తోకను పట్టుకుని లాగే పద్ధతి అది. తోక పొట్టిగా ఉంటే గాలానికి చిక్కదు. మాకు కిట్లు మారినప్పుడు ఇట్లాంటి తేడాలు వచ్చేవి, అందుకని అడుగుతున్నా.

చిత్రావతి_22 | అనంతపురం | ఆదివారం, సాయంత్రం 6:40

ఉంది అన్నా!! పాలీ-ఏ సెలెక్షన్ అని చిన్న అక్షరాల్లో ఉంది.

బుగ్గవంక | కడప | ఆదివారం, రాత్రి 8:05

పాషా అన్నకు వీరతాడు. సరిగ్గా అదే.

గుడ్డులో తల్లి దాచిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు చాలావరకు పొట్టి తోకతో నిద్రపోతుంటాయి. అవసరం వచ్చినప్పుడు సైటోప్లాజంలోనే ఆ తోక పొడుగవుతుంది, అప్పుడు వాటి నుంచి ప్రోటీన్ తయారీ మొదలవుతుంది. గుడ్డు పక్వానికి వచ్చేటప్పుడు మోస్, సైక్లిన్-బీ లాంటివి ఇట్లాగే మేలుకుంటాయి. ఫలదీకరణ తర్వాత ఇంకొన్నిటికి ఇదే జరుగుతుంది. ఆర్‌ఎన్‌ఏ సంఖ్య పెరగలేదు, తోక పెరిగింది, గాలానికి చిక్కింది. టేబుల్లో మాత్రం పెరిగినట్టు కనబడుతుంది. మొత్తం ఆర్‌ఎన్‌ఏ తీసుకుని, రైబోజోముల ఆర్‌ఎన్‌ఏని మాత్రం తీసేసి లెక్కపెట్టిన డేటాతో పక్కన పెట్టి చూడు, ఆ గీతల్లో చాలావరకు బల్లపరుపుగా ఉంటాయి.

సెమినార్‌లో ఈ ఒక్క స్లైడు పెట్టు. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

పాత_చాక్‌పీస్ | కర్నూలు | ఆదివారం, రాత్రి 9:10

ఇది నాకూ కొత్తే. మా రోజుల్లో ఇంతదాకా పోలేదు.

ఎప్పుడు అనేది తేలింది కాబట్టి, ఎక్కడ అనేదాని మీదకు రండి. టాపిక్‌లో తీరు అంటే అసలు అదే కదా. నల్లగా ఉన్న పై సగం, తెల్లగా పచ్చసొనతో బరువుగా ఉన్న కింది సగం, ఈ తేడా తల్లి కడుపులోనే ఉంది. వీజీ1, వెజ్‌టీ అనే రెండు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలను తల్లి అడుగున అంటించి పెడుతుంది. చిత్రావతి చూసిన బొమ్మ వీటిల్లో ఒకటే అయ్యుంటుంది. వీపు ఎటు, పొట్ట ఎటు అన్నది మాత్రం తల్లి చెప్పదు. వీర్యకణం ఏ పక్క దూరిందో దానికి ఎదురు పక్క వీపు అవుతుంది.

బుగ్గవంక | కడప | ఆదివారం, రాత్రి 10:25

సార్ చెప్పిన దగ్గర నుంచి అందుకుంటా, ఇది నాకు బాగా ఇష్టమైన చోటు.

వీర్యకణం దూరిన తర్వాత, మొదటి విభజనకు ముందే, గుడ్డు పైపొర లోపలి ముద్ద మీద సుమారు 30 డిగ్రీలు తిరుగుతుంది. లడ్డూ మీద కాగితం కొంచెం జరిగినట్టు. ఆ తిరగడంలో అడుగున ఉన్న కొన్ని సరుకులు ఒక పక్కకు జరుగుతాయి. అవి చేరిన పక్క బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ చెడిపోకుండా నిలిచి, కేంద్రకాల్లోకి చేరుతుంది. మిగతా పక్కన ఆ ప్రోటీన్ ఎప్పటికప్పుడు ముక్కలైపోతుంది. ఈ తిరగడాన్ని అడుగున అతినీలలోహిత కిరణాలు కొట్టి ఆపేస్తే తల లేని, వీపు లేని పొట్ట ముద్ద మిగులుతుంది. 32 కణాల దశలో లిథియం లవణంలో కాసేపు ఉంచితే అంతా తలే. పొట్ట పక్క ఒక కణంలోకి బీటా-కెటెనిన్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే రెండు తలల తోకకప్ప వస్తుంది.

చిత్రావతీ, ఇక్కడ ఒక గుంట ఉంది, చూసుకుని నడువు. బీటా-కెటెనిన్ ఆర్‌ఎన్‌ఏకి ఇన్-సిటు చేస్తే వీపు పక్కే రంగు రాదు, ఏ పక్కా తేడా కనబడదు. తేడా అంతా ప్రోటీన్‌లో ఉంది, అది చూడాలంటే ప్రోటీన్‌కి యాంటీబాడీ వెయ్యాలి. వీపు పక్క ఆర్‌ఎన్‌ఏ వ్యక్తమవుతుంది అని స్లైడులో రాశావో, దొరికిపోతావు.

ఆ తర్వాత సొంత జీన్ల వంతు. బీటా-కెటెనిన్ ఉన్నచోట సియామోయిస్, ట్విన్ అనే జీన్లు తెరుచుకుంటాయి. అడుగున వెజ్‌టీ ఉన్నచోట నోడల్ కుటుంబం జీన్లు వస్తాయి. రెండూ కలిసిన మూలన నోడల్ మరీ ఎక్కువ. దాని పైనే స్పేమన్ ఆర్గనైజర్, అంటే చుట్టూ కణాలకు దారి చూపే గుంపు, ఏర్పడుతుంది. గాస్ట్రులా మొదట్లో బ్రాకియురీ అనే జీన్‌కి రంగు వేస్తే నడుం చుట్టూ వడ్డాణం పెట్టినట్టు ఉంగరం కనబడుతుంది, అది మీసోడెర్మ్, కండరాలు, ఎముకలు అయ్యే మధ్యపొర. ఎలుకల్లో తోక పొట్టిదయ్యే మ్యుటేషన్ నుంచి వచ్చిన పేరు అది. అదే వేళకు గూస్‌కాయిడ్‌కి రంగు వేస్తే వీపు పక్క పెదవి (కణాలు లోపలికి దూరే అంచు) దగ్గర చిన్న మచ్చ. ఆ మచ్చలోనే నాగిన్, కార్డిన్ అనే జీన్లు కూడా.

ఉగ్గాని_బజ్జీ | అనంతపురం | ఆదివారం, రాత్రి 10:33

కప్పలో నాగిన్ ఏంది సామీ! పాము కప్పను మింగాల గానీ, కప్ప పామును మింగిందా?

పాత_చాక్‌పీస్ | కర్నూలు | ఆదివారం, రాత్రి 10:50

నవ్వించావు నాయనా. పాము కాదులే, ఇంగ్లీషులో తలకాయకు వాడే ముద్దుపేరు. ఆ ఆర్‌ఎన్‌ఏ మోతాదు ఎక్కువైతే పిండానికి తల పెద్దదవుతుంది, అందుకని పెట్టారు. 1992లో దొరికింది. గూస్‌కాయిడ్ 1991, కార్డిన్ 1994. అంతకు ముందు డెబ్భై ఏళ్లుగా ఆర్గనైజర్ ఉందని తెలుసు, అందులో ఏ సరుకు ఉందో తెలియదు. 1924లో స్పేమన్, హిల్డె మాంగోల్డ్ న్యూట్ (తోక ఉండే ఉభయచరం) పిండాల్లో ఒకదాని పెదవి ముక్క తీసి ఇంకోదాని పొట్ట పక్క అతికిస్తే, అక్కడ రెండో పిండమే లేచింది. ఆ పనంతా చేసిన అమ్మాయి ఆ ఏడాదే ప్రమాదంలో పోయింది. 1935లో నోబెల్ ఆయనకు వచ్చింది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టుకునేది.

నాగిన్, కార్డిన్ చేసే పని నాడీకణాలను పుట్టించడం అనుకునేరు. బీఎంపీ అనే సంకేతం పై భాగం కణాలను చర్మం కమ్మని తొందరపెడుతుంటుంది, ఇవి దాన్ని పట్టుకుని ఆపుతాయి. అడ్డు తొలగాక ఆ కణాలు నాడీ దారి పడతాయి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో తల్లీ. పన్నెండో విభజన దాకా అంతా ఆఫ్, ఆ తర్వాత అంతా ఆన్. స్విచ్ వేసినట్టు.

బుగ్గవంక | కడప | సోమవారం, ఉదయం 6:55

సార్, పెద్దవారు, ఏమీ అనుకోకండి. స్విచ్ అనే మాట దగ్గర నేను ఒప్పుకోలేను. నోడల్-5, నోడల్-6 సుమారు 256 కణాల దగ్గరే కొద్దికొద్దిగా మొదలవుతాయి. మిర్-427 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ కూడా తొందరగానే వస్తుంది. అది చేసే పని ఏంటో తెలుసా? తల్లి ఇచ్చిన ఆర్‌ఎన్‌ఏలను చాలావాటిని చెరిపెయ్యడం. సద్ది అయిపోయాక గుడ్డ దులిపేసినట్టు. ఒక్కో జీన్‌ది ఒక్కో వేళ. గ్రాఫులో పన్నెండు దగ్గర పెద్ద మెట్టు ఉంది, కాదనను. దానికి ముందు వాలు కూడా ఉంది.

పాత_చాక్‌పీస్ | కర్నూలు | సోమవారం, ఉదయం 8:20

ఏమనుకుంటానయ్యా. నేను చదివిన పుస్తకం 1980ల నాటిది. స్విచ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మెట్టు మాత్రం వదలను.

శెనిక్కాయల_రైతు | అనంతపురం జిల్లా | సోమవారం, మధ్యాహ్నం 1:15

అది సరే గానీ, పన్నెండు అని దానికి లెక్క ఎవరు చెప్పారు? గోడ మీద గడియారం లేదు కదా.

బుగ్గవంక | కడప | సోమవారం, రాత్రి 9:30

అన్నా, గడియారం కాదు, పంపకం. గుడ్డు మొత్తం సైజు పెరగదు. కణాలు మాత్రం చిన్నవవుతూ పోతాయి, డీఎన్‌ఏ ప్రతిసారీ రెట్టింపు. తల్లి ఇచ్చిన హిస్టోన్లు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు), డీఎన్‌ఏని నకలు తీసే ప్రోటీన్లు మొదట్లో కుప్పలు. అదే కుప్పను రెండు డీఎన్‌ఏలు పంచుకున్నా, నాలుగు పంచుకున్నా ఇబ్బంది లేదు, నాలుగు వేలు పంచుకుంటే చాలదు. అప్పుడు విభజన నెమ్మదిస్తుంది, హిస్టోన్ల పట్టు సడలి జీన్లు చదవడానికి చోటు దొరుకుతుంది. న్యూపోర్ట్, కిర్ష్‌నర్ బయటి డీఎన్‌ఏని గుడ్డులోకి ఎక్కించి చూశారు, వేళకు ముందే ఆర్‌ఎన్‌ఏ తయారీ మొదలైంది. భోజనానికి బయటి జనం వస్తే కూర తొందరగా అయిపోయినట్టు.

పీసీఆర్_పాషా | కర్నూలు | సోమవారం, రాత్రి 9:58

ఇంకో మాట, చిత్రావతి ప్రైమర్ల (పీసీఆర్‌లో కావాల్సిన జీన్‌ని పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) గురించి చెప్పాల్సి వస్తే. జెనోపస్ లేవిస్‌లో చాలా జీన్లకు రెండేసి కాపీలు ఉన్నాయంట, ఎల్ అని, ఎస్ అని. రెండు జాతులు కలిసి పుట్టిన కప్పంట, 36 క్రోమోజోములు. జెనోపస్ ట్రాపికాలిస్‌కి 20, కాపీ ఒకటే. ట్రాపికాలిస్ జీనోమ్ 2010లో వచ్చింది, లేవిస్‌ది 2016లో. దేనికి కొలిచారో చూసుకో, లేకుంటే రెండు కాపీలూ కలిపి కొలిచి ఒకటే అనుకుంటావు. నిన్న రాత్రి కూర్చుని చదివా, నిద్ర పట్టలేదు.

చిత్రావతి_22 | అనంతపురం | శుక్రవారం, సాయంత్రం 5:45

అయిపోయింది!! నలభై నిమిషాలు మాట్లాడా. తోకల స్లైడు దగ్గర మేడం "ఇది ఎక్కడ దొరికింది" అన్నారు, కర్నూల్లో ఒక టెక్నీషియన్ అన్న చెప్పాడని చెప్పేశా. బీటా-కెటెనిన్ గుంట దగ్గర ఎవరూ తొయ్యలేదు, నేనే చూపించా.

ఎక్స్‌టర్నల్ సార్ అడిగింది మాత్రం ఎవరం అనుకోనిది. "ఇన్ని కప్పలుండగా ప్రపంచమంతా ఈ ఆఫ్రికా కప్ప మీద ఎందుకు పడింది?" అన్నారు. గుడ్డు పెద్దది, పిండం బయటే పెరుగుతుంది అని చెప్పా. సార్ ఇంకా ఏదో ఉందన్నట్టు చూశారు.

పాత_చాక్‌పీస్ | కర్నూలు | శుక్రవారం, సాయంత్రం 6:30

శభాష్. ఆయన ఆశించింది గర్భ పరీక్ష అయ్యుంటుంది. 1930ల నుంచి కొన్ని దశాబ్దాలు, ఆడవాళ్ల మూత్రాన్ని ఈ కప్ప చర్మం కిందికి ఎక్కించేవారు. గర్భం ఉంటే, అందులోని హార్మోనుకు కప్ప కొన్ని గంటల్లోనే గుడ్లు పెట్టేది. అట్లా ఆసుపత్రుల పుణ్యాన ప్రపంచమంతా పాకింది. వానాకాలం కోసం ఎదురుచూడకుండా ఏ రోజు కావాలంటే ఆ రోజు గుడ్లు ఇచ్చే కప్ప అంటే ల్యాబువాళ్లు వదులుతారా? ఇప్పటికీ ఆ హార్మోను సూదితోనే గుడ్లు పెట్టిస్తారు.

శెనిక్కాయల_రైతు | అనంతపురం జిల్లా | శుక్రవారం, రాత్రి 8:10

కంగ్రాట్స్ పాపా. ఇక్కడ మా దండలు ఎప్పుడో విడిపోయి కుంటంతా నల్లగా తోకకప్పలు. మళ్లీ వాన లేదు, కుంట చెప్పులు తడిసేంతకు వచ్చింది. కొన్నిటిని బకెట్లో తెచ్చి వేపచెట్టు కింద పెట్టినా. ఏం పెట్టాల తినడానికి?

బుగ్గవంక | కడప | శుక్రవారం, రాత్రి 8:25

పాలకూర ఉడకబెట్టి కొంచెం వెయ్యన్నా, ఎక్కువేస్తే నీళ్లు కంపు కొడతాయి. బోరు నీళ్లయితే పర్వాలేదు, కుళాయి నీళ్లయితే ఒక రోజు ఎండలో పెట్టి పొయ్యి. బకెట్లో ఒక రాయి పెట్టు, కాళ్లొచ్చాక ఎక్కడానికి.

చిత్రావతి_22 | అనంతపురం | శుక్రవారం, రాత్రి 8:31

అన్నా, ఆదివారం వస్తున్నా. పాలకూర నేను తెస్తా.